ట్రాక్టరు లోడరు : నూనె బలము, నడుపువాని బాధ్యత

మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో కాడెద్దులకు బదులుగా ట్రాక్టరు పొలమున దిగి చాలకాలమైనది. ఇప్పుడా ట్రాక్టరునకు ముందువైపున రెండు ఇనుప చేతులను, వాని చివర నొక బకెట్టును తగిలించి, మునుపు కూలీలు గంపలతో మోసిన బరువులను దానిచేత ఎత్తించుట పల్లెలలో సయితము చూచుచున్నాము. దీనిని లోడరు అందురు. నదుల ఇసుకను ట్రక్కులకెత్తుటకు, పశువుల సాలల యొద్ద కుప్పవడిన గత్తమును పొలమునకు తోలుటకు, ఇంటి పునాదులలో మట్టి నింపుటకు, ఇటుక బట్టీలకు బంకమన్ను చేర్చుటకు ఇది యుపయోగపడును. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలగూల్చినది. త్రోవల కడ్డముపడిన మ్రాకులను తొలగించుటకు బరువెత్తు యంత్రముల యవసరమెంతటిదో ఆ ప్రాంతము వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్టి యుపకారియైన యంత్రము అజాగ్రత్త వలన రెండు విధముల కీడు చేయును. ఒకటి, ఎంతో విలువగల తన నూనె గొట్టములను, జాకీలను తానే పాడుచేసికొనును. రెండు, నడుపువానిని గాని చెంత నిలిచినవానిని గాని నలిపివేయును. ఈ రెండును వేర్వేరు విషయములని పలువురు తలచెదరు. కాని యంత్రమును చెడగొట్టు అలవాట్లే పెక్కు సందర్భములలో మనుష్యుని ప్రాణము తీయు అలవాట్లు. కావున లోడరునకు బలమెక్కడనుండి వచ్చుచున్నదో, ఆ బలమునకు హద్దు ఎచ్చట నున్నదో మొదట తెలిసికొని, పిమ్మట దానిని నడుపు పద్ధతులను విచారింతము.

నూనెకు బలమెట్లు కలిగినది

ఫ్రాన్సు దేశీయుడైన బ్లేజ్ పాస్కల్ (1623–1662) ద్రవములను గూర్చి వ్రాసిన గ్రంథము అతడు మరణించిన పిమ్మట 1663లో వెలువడినది. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినయెడల ఆ ఒత్తిడి తగ్గక అన్ని దిక్కులకును సమముగా వ్యాపించునని అతడు స్థాపించిన సూత్రము. 1795లో జోసెఫ్ బ్రామా అను ఆంగ్లేయుడు ఈ సూత్రము ననుసరించి ద్రవపు ఒత్తిడిచే పనిచేయు యంత్రమొకటి నిర్మించి పేటెంటు పొందెను. మన ట్రాక్టరులోని హైడ్రాలిక్ ఏర్పాటు ఆ వంశములోనిదే.

ఈ సూత్రమును విద్యార్థులు ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. సూదిలేని ఇంజక్షను గొట్టములు రెండింటిని, ఒకటి సన్ననిది, ఒకటి లావైనది, చిన్న రబ్బరు గొట్టముతో కలిపి నీటితో నింపుడు. సన్ననిదానిని వ్రేలితో నొక్కినయెడల లావైనది వ్రేలికంటె నెక్కువ బలముతో పైకి లేచును. అయితే అది కదలిన దూరము తక్కువ. బలము పెరిగినంత మేరకు కదలిక తగ్గినది. ప్రకృతి ఎవరికిని ఏదియు ఉచితముగా నీయదు.

ఇప్పుడు లోడరు లెక్క చూతము. చేతులనెత్తు జాకీ లోపలి వ్యాసము 6 సెంటీమీటర్లనుకొందము. దాని వైశాల్యము సుమారు 28 చదరపు సెంటీమీటర్లు. నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 150 కిలోలైనచో, ఒక్కొక్క జాకీ 4,200 కిలోల బలముతో త్రోయును. జాకీలు రెండు గనుక మొత్తము 8,400 కిలోలు. అయినను బకెట్టు అంత బరువునెత్తదు. ఏలయన జాకీని చేతి మొదటికి దగ్గరగా తగిలింతురు. బకెట్టేమో చేతి కొననుండును. చేయి పొడవులో అయిదవ వంతు దగ్గర జాకీ తగిలినయెడల, బకెట్టు వద్ద నిలుచు బలము అయిదవ వంతునకు, అనగా 1,680 కిలోలకు మించదు. జాకీ ఏటవాలుగా త్రోయుటచేతను, చేతుల సొంత బరువుచేతను అది ఇంకను తగ్గును. ఈ సంఖ్యలు ఉదాహరణకు మాత్రమే. తన లోడరు ఎత్తదగిన బరువును దానిని చేసినవారిచ్చిన పుస్తకములో ప్రతివాడును చూచుకొనవలెను.

ఈ పని చేయు అవయవములు ఆరు: నూనె ఉండు తొట్టి, దానిని వడగట్టు ఫిల్టరు, ఇంజనుచే తిరుగు పంపు, లివరుతో కదలు వాల్వు, నూనెను మోయు హోసు పైపులు, బరువునెత్తు జాకీలు. వీనితోపాటు రిలీఫ్ వాల్వు అను ఏడవది యొకటి కలదు. ఒత్తిడి నిర్ణీతమైన హద్దు దాటినప్పుడు అది తెరచుకొని నూనెను మరల తొట్టిలోనికి పంపి, పైపులు పగులకుండ కాపాడును. ఇచ్చట నొక్క విషయము గట్టిగా గుర్తుంచుకొనవలెను. రిలీఫ్ వాల్వు పైపులను కాపాడునే గాని మనుష్యుని కాపాడదు. ట్రాక్టరు బోల్తాపడునంత బరువును ఎత్తుచున్నను, నూనె ఒత్తిడి హద్దులోనున్నంతవరకు ఆ వాల్వు నోరు మెదపదు. ఆ హద్దును కనిపెట్టి చూడవలసినవాడు నడుపువాడే.

త్రాసు లెక్క

ట్రాక్టరు వెనుక చక్రములపై పనిచేయుటకు పుట్టిన యంత్రము. బరువంతయు వెనుక నుండునట్లు, ఈడ్చు బలమును వెనుక నుండునట్లు దానిని నిర్మించిరి. లోడరు ఆ సమతూకమును తలక్రిందులు చేయును.

ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును దూరము 2 మీటర్లనుకొందము. బకెట్టు మధ్యభాగము ముందు ఇరుసునకు 1.5 మీటర్లు ముందుకున్నది. అందులో 500 కిలోల బరువు వేసినప్పుడు, ముందు ఇరుసు త్రాసు ముల్లువలె నిలుచును. 500ను 1.5తో గుణింపగా 750. దానిని 2తో భాగింపగా 375. అనగా వెనుక చక్రములపై 375 కిలోల బరువు తేలిపోవును. ముందు చక్రములపై 875 కిలోలు అదనముగా పడును. బకెట్టులో వేసినది 500 కిలోలే అయినను ముందు ఇరుసు మోయునది అంతకన్న చాల ఎక్కువ. ముందు ఇరుసు విరుగుటకు, స్టీరింగు బరువెక్కుటకు, ముందు టైరులు అణగుటకు కారణమిదియే.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి మరియొకటి. మన ట్రాక్టరులలో చాలవాటికి బ్రేకులు వెనుక చక్రములకే యుండును. వెనుక చక్రములు తేలికయైనప్పుడు బ్రేకు నొక్కినను చక్రము జారునే గాని బండి ఆగదు. పల్లమున దిగుచున్నప్పుడు ఇట్లు జరిగినచో ఫలితము చెప్పనక్కరలేదు.

దీనికి మందు వెనుకవైపున బరువు కట్టుటయే. వెనుక ఇరుసునకు 1 మీటరు వెనుకగా, త్రీ పాయింటు లింకేజికి 500 కిలోల సిమెంటు దిమ్మను గాని మట్టి నింపిన పెట్టెను గాని తగిలించినయెడల, ముందు ఇరుసునుండి దాని దూరము 3 మీటర్లు. 500ను 3తో గుణించి 2తో భాగింపగా 750. వెనుక చక్రములపై 750 కిలోలు చేరును. ముందు చక్రములపైనుండి 250 కిలోలు తొలగును. మునుపు పోయిన 375 కిలోలును తిరిగి వచ్చి, మరి 375 కిలోలు మిగిలినవి. ముందు ఇరుసు మీది అదనపు బరువు 875 నుండి 625కు దిగినది. అయినను ఆ దిమ్మ బరువు లింకేజి మోయదగినంతలోనే యుండవలెను. బరువు కట్టితిమి గదాయని బకెట్టులో మరింత వేయరాదు. అది సమతూకమునకే గాని దురాశకు కాదు.

బకెట్టులో ఏమి వేసితిమి

బకెట్టు ఒక్కటే అయినను అందులోని వస్తువునుబట్టి బరువు మారును. ఘనపు మీటరు పొడి ఇసుక సుమారు 1,600 కిలోలు తూగును. అదే ఇసుక నదిలోనుండి తడిగా తీసినప్పుడు 1,900 నుండి 2,000 కిలోలవరకు తూగును. బాగుగా ఎండిన గత్తము పొడి ఇసుకలో సగమైనను తూగదు. కావున ఘనపు మీటరులో పదింట మూడు వంతులు పట్టు బకెట్టునకు పొడి ఇసుక 480 కిలోలు, తడి ఇసుక 600 కిలోలవరకు నగును. వేసవిలో గత్తమెత్తి అలవాటుపడిన చేయి, అదే కొలతతో వంశధార, నాగావళి, చంపావతి నదుల తడి ఇసుకను ఎత్తినయెడల రెట్టింపునకు మించిన బరువెత్తుచున్నదని గ్రహింపవలెను.

రాతి సంగతి వేరు. టెక్కలి ప్రాంతపు నల్లరాయి, నీలిరాయి వంటి గ్రానైటు ఘనపు మీటరునకు సుమారు 2,700 కిలోలు. ప్రతి ప్రక్కయు అరమీటరున్న చిన్న బండ యొక్కటి సుమారు 340 కిలోలు తూగును. గుండ్రని బండలును, కొబ్బరి మొద్దులును మరియొక యపాయము తెచ్చును. బకెట్టు ఎత్తి వెనుకకు వంచినప్పుడు అవి చేతుల మీదుగా దొర్లి నడుపువాని ఒడిలో పడవచ్చును. పట్టుకొను కొక్కెములు గల సాధనము లేనిదే వీనిని ఎత్తరాదు.

నడుపు పద్ధతి

బరువుతో కదలునప్పుడు బకెట్టు నేలకు ఒకటిన్నర రెండడుగుల ఎత్తుననే యుండవలెను. బకెట్టు పైకి లేచినకొలది బండి యొక్క గురుత్వ కేంద్రము పైకి పోవును. అప్పుడొక చక్రము గుంటలో దిగినంతనే బండి ప్రక్కకు ఒరగును. ట్రక్కు ప్రక్కకు చేరిన పిమ్మటనే బకెట్టునెత్తి, కుమ్మరించి, దించి, వెనుకకు మరలవలెను. ఎత్తిన బకెట్టుతో మలుపు తిరుగరాదు.

వాలునేల మీద అడ్డముగా నడపరాదు. నిండు బకెట్టుతో ఎక్కునప్పుడు బకెట్టు ముందుండవలెను. దిగునప్పుడు వెనుకకు నడపుచు దిగవలెను. ఎటులైనను బరువు మిట్టవైపుననే యుండవలెనని దీని భావము. కాలువ గట్టునకు, గోతికి దగ్గరగా పోవునప్పుడు గోయి ఎంత లోతో కనీసమంత దూరమున నిలువవలెను. వానకాలమున చెరువు గట్లును, సోంపేట బీల వంటి తడినేలలును పైకి గట్టిగా కనబడినను లోపల మెత్తగా నుండును.

కుప్పలోనికి చొరబడునప్పుడు వేగముగా వచ్చి గ్రుద్దరాదు. తక్కువ గేరులో నెమ్మదిగా ప్రవేశించి, బకెట్టును క్రమముగా వెనుకకు వంచుచు నింపవలెను. గ్రుద్దినప్పుడు ఆ దెబ్బ జాకీల కడ్డీలకును, పిన్నులకును, ట్రాక్టరు ఛాసిస్సునకును తగులును. బకెట్టు ఒక మూలతో మాత్రమే బండను పెకలించుట చేతులను మెలివేయును. బకెట్టును పూర్తిగా క్రిందికి వంచి, జాకీ కడ్డీలు బయటికి చాచియున్నప్పుడు దానితో మట్టిని త్రోసినను, వెనుకకీడ్చినను సన్నని కడ్డీలు వంగిపోవును. నేల చదును చేయవలసినచో లివరులో ఫ్లోటు స్థానము ఉన్నయెడల దానిని వాడి, నూనె బలము లేకుండ బకెట్టు తన బరువుతోనే నేలనంటి పోవునట్లు చేయవలెను.

నిండు బకెట్టును వేగముగా దించుచు మధ్యలో ఒక్కసారిగా లివరును ఆపుట మరియొక చెడ్డ యలవాటు. పడుచున్న బరువు ఆగినప్పుడు దాని వేగమంతయు నూనెపై పడి, ఒత్తిడి క్షణములో మామూలుకంటె చాల పెరుగును. బలహీనమైన హోసు పైపు అప్పుడే పగులును. అదే క్షణమున వెనుక చక్రములు లేచి బండి ముందునకు మ్రొగ్గును. యంత్రమునకు హానియు, మనుష్యునకు హానియు ఒకే చేష్టలోనుండి పుట్టుట ఇచ్చట స్పష్టముగా కనబడుచున్నది.

నూనెను కాపాడుట

హైడ్రాలిక్ ఏర్పాటునకు శత్రువులు నాలుగు: ధూళి, నీరు, వేడి, గాలి.

వాల్వులలోని భాగముల మధ్య సందు కొన్ని మైక్రానులే యుండును. మిల్లీమీటరులో వెయ్యవ వంతు మైక్రాను. మనుష్యుని కంటికి సుమారు 40 మైక్రానులకు తక్కువైన రేణువు కనబడదు. కావున కంటికి శుభ్రముగా తోచిన నూనెలోనే వాల్వులను అరగదీయు ధూళి యుండవచ్చును. నూనె పోయునప్పుడు మూత చుట్టును తుడిచి, శుభ్రమైన గరాటతో పోయవలెను. ఫిల్టరును పుస్తకములో చెప్పిన గంటలకు మార్చవలెను. ఏ పైపునైనను విప్పినప్పుడు దాని మూతిని వెంటనే మూయవలెను.

నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని యర్థము. దానిని మార్చక తప్పదు. మన తీరప్రాంతపు ఉప్పుగాలి జాకీ కడ్డీల మెరుపు పూతను కొరికి తుప్పు పట్టించును. గరుకెక్కిన కడ్డీ లోపలికి బయటికి పోవునప్పుడెల్ల సీలును చించును. అందుచేత పని ముగిసిన తరువాత కడ్డీలు వీలైనంతవరకు లోపలికి ముడుచుకొనియుండునట్లు బండిని నిలిపి, బయటనున్న భాగమును తుడిచి, కొంచెము నూనె పూయవలెను.

వేడి విషయము. బకెట్టు ఇక లేవనప్పుడు కూడ లివరును పట్టుకొనియే యున్నయెడల కీచుమను ధ్వని వినబడును. అది రిలీఫ్ వాల్వు తెరచుకొన్న ధ్వని. పంపు చేసిన పనియంతయు అప్పుడు వేడిగా మారును. నూనె సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు దాటినచో పలుచనై బలము తగ్గును, సీలులు గట్టిపడి పగులును. కావున ఆ ధ్వని విన్న వెంటనే లివరును వదలి, బరువు తగ్గించుకొనవలెను. కొందరు రిలీఫ్ వాల్వు మరను బిగించి ఎక్కువ బరువెత్తించుకొనుటకు ప్రయత్నింతురు. ఇది కుండలోని ఆవిరికి దారి మూయుట వంటిది. నూనెకు పెరిగిన బలమును ఇరుసుగాని, పైపుగాని, వెనుక చక్రముల బరువుగాని భరింపజాలవు.

తొట్టిలో నూనె తక్కువైనప్పుడు పంపు గాలిని పీల్చును. అప్పుడు బకెట్టు వణకుచు, ఆగి ఆగి లేచును, పంపు గరగరలాడును. అట్టి స్థితిలో పని నిలిపి, బకెట్టును దించి, నూనె మట్టమును, పీల్చు గొట్టపు బిగింపును చూడవలెను.

ప్రాణాపాయములు

అన్నిటిలో మోసకరమైనది సన్నని నూనె ధార. హోసు పైపునకు సూదిబెజ్జమంత రంధ్రము పడినప్పుడు, కంటికి సరిగా కనబడని ధార అమిత వేగముతో చిమ్మి, చర్మమును తొలిచి మాంసములోనికి ప్రవేశించును. కారుచోటు తెలిసికొనుటకు చేతితో తడుముట మహా ప్రమాదము. ముందు ఇంజనును ఆపి, లివరును ఇటునటు కదల్చి, ఒత్తిడిని దింపవలెను. వెదకవలసివచ్చినచో దూరమునుండి అట్టముక్కను అడ్డముపెట్టి, దానిపై పడిన మరకనుబట్టి చోటు గుర్తింపవలెను. ధార తగిలిన గాయము మొదట ముల్లు గ్రుచ్చుకొన్నట్లే యుండి, నొప్పియు తక్కువగా నుండవచ్చును. దానిని చూచి నిర్లక్ష్యము చేయరాదు. లోపల నూనె వ్యాపించి కొన్ని గంటలలో కండ చచ్చిపోవును. వ్రేలును, చేతిని కోల్పోవుదురు. పసరులు, పట్లు వేయక, వెంటనే 108కి ఫోను చేసి, శస్త్రచికిత్స చేయగల శ్రీకాకుళము, విజయనగరము పెద్ద ఆసుపత్రులకో, విశాఖపట్టణమునందలి కింగ్ జార్జి ఆసుపత్రికో చేరవలెను. ఒత్తిడిగల నూనె చర్మము లోపలికి పోయినదని వైద్యునకు ముందుగా చెప్పవలెను.

రెండవది ఎత్తిన బకెట్టు. దానిని గాలిలో నిలిపినది నూనె మాత్రమే. పైపు పగిలినను, ఎవరి మోచేయి లివరునకు తగిలినను అది ఒక్కసారిగా పడును. దాని క్రింద నిలువరాదు, నడువరాదు, మరమ్మతు చేయరాదు. తప్పనిసరియైనచో చేసినవారు ఏర్పరచిన ఇనుప ఆధారములను జాకీలకు తగిలింపవలెను. ఇటుకలు, కర్రలు చాలవు. కాయలు కోయుటకు, కప్పు బాగుచేయుటకు మనుష్యులను బకెట్టులో నిలిపి ఎత్తుటయు, పిల్లలను సరదాకు అందులో కూర్చుండబెట్టుటయు ఎంతమాత్రము తగవు.

మూడవది విద్యుత్తీగ. తిత్లీ నాడు విద్యుత్ స్తంభములు వేలకొలది నేలకొరిగినవి. తుపాను పిమ్మట తీగలు క్రిందికి వ్రేలాడుట సహజము. సరఫరా నిలిపిరని విద్యుచ్ఛాఖవారు చెప్పువరకు అట్టి చోట లోడరును త్రిప్పరాదు. బకెట్టు తీగకు తగిలినయెడల నడుపువాడు ఆసనముననే కూర్చుండి, ఎవరిని దగ్గరకు రానీయక, 1912కు ఫోను చేయింపవలెను. బండి మండుచున్నప్పుడు మాత్రమే, బండిని నేలను ఒకేసారి తాకకుండ రెండు కాళ్లు జోడించి దుమికి, కాళ్లు ఎడము చేయక చిన్న గెంతులతో దూరము పోవలెను.

పని ముగియగానే బకెట్టును నేలకు ఆనించి, గేరును తటస్థముననుంచి, బ్రేకు బిగించి, ఇంజను ఆపి, లివరును అన్ని వైపులకు కదల్చి, తాళము తీసికొని దిగవలెను. ఈ అయిదారు చేష్టలకు అరనిమిషము చాలును.

విద్యార్థులు చేయదగినది

విద్యార్థులారా! 18 సంవత్సరములు నిండనివారికి ట్రాక్టరు నడుపు లైసెన్సు లభింపదు. కావున ఈ వ్యాసము మిమ్ములను ఆసనముపై కూర్చుండబెట్టుటకు వ్రాయబడినది కాదు. అయినను మీలో పెక్కుమంది ఇండ్ల ముంగిట ఈ యంత్రము పనిచేయుచున్నది. మీ తండ్రులు, మేనమామలు దానిని నడుపుచుందురు. వారికి చేతి యనుభవము మెండు. మీకు లెక్క తెలియును. ఈ రెండును కలిసినచో మేలు కలుగును.

మీరు చేయగల పనులు చిన్నవి. బండి నిలిచిన చోట ప్రొద్దుననే నేలపై నూనె మరక యున్నదేమో చూచి పెద్దలకు చెప్పుడు. చిన్నపిల్లలను, పశువులను పనిచోటునుండి దూరముగా నుంచుడు. నడుపువానికి కనబడునట్లు నిలువుడు. అతని కన్ను మీపై పడనిదే బండిని సమీపింపకుడు. బకెట్టులో ఎక్కుమని ఎవరైన పిలిచినచో మర్యాదగా వలదనుడు. పై త్రాసు లెక్కను మీ ఇంటి ట్రాక్టరు కొలతలతో వేసి, వెనుక ఎంత బరువు కట్టవలెనో లోడరు పుస్తకముతో పోల్చి, మీ తండ్రిగారికి చూపుడు. బడిలో నేర్చిన పాస్కల్ సూత్రము పరీక్షలో రెండు మార్కులకు మాత్రమే గాక, ఇంటిలో నొక నిండు ప్రాణమును నిలుపుటకును పనికివచ్చునని వారును సంతోషింతురు.